ఇసుకదిబ్బ దరువు

మద్రాసు,
9-12-1958

పెద్దక్కకు,

వందనాలు నీకు, నాయనకు, నీ బెత్తం కింద నలుగుతున్న మన పల్లె పిల్లలందరికీ. క్షేమమేనా అని అడిగితే, "ఉత్తరం రాయడానికి ఆరు నెలలు పట్టినవాడికి మా క్షేమంతో ఏం పని" అంటావు. అందుకని అడగడం లేదు. నేను బాగున్నాను. మౌంటురోడ్డులో ఒక హోటలు బ్యాండులో డ్రమ్ములు వాయిస్తున్నాను. బిట్రగుంట రైల్వే ఇన్‌స్టిట్యూటులో నేల తుడుస్తూ, ఇంజను డ్రైవరు దొరల బ్యాండును చూసి దొంగతనంగా నేర్చుకున్న విద్య ఇన్నాళ్లకు అన్నం పెడుతోంది.

ఇక అసలు సంగతి. కిందటి వారం అమెరికా నుంచి ఒక బ్యాండు వచ్చింది. ఐదుగురు మనుషులు. వాళ్ల సంగీతాన్ని జాజ్ అంటారు. ఓడలో వాళ్ల పెద్ద డ్రమ్ము చిరిగిపోతే మా హోటలు డ్రమ్ము అరువు అడిగారు. మోసుకుపోయి బిగించింది నేనే కాబట్టి తెర వెనక కూర్చుని అంతా విన్నాను. అక్కా, ఆ డ్రమ్ములాయన ఉన్నాడే, ఒక చెయ్యి ఒక మాట అంటుంది, రెండో చెయ్యి దానికి ఎదురు చెబుతుంది, కాళ్లు రెండూ పంచాయతీ తీరుస్తాయి. అంత పోట్లాటలోనూ మనిషి మొహం మాత్రం చల్లగా ఉంటుంది. నేనిన్నేళ్లూ చేసింది వాయించడం కాదు, దుమ్ము దులపడం అని అప్పుడు తెలిసింది. ఆయన నల్లగా ఉన్నాడు. మన పెంచలయ్య మామకు కోటు తొడిగితే ఎట్లా ఉంటాడో అట్లాగే.

సామాను సర్దేటప్పుడు "మీ ఊళ్లో ఏం వాయిస్తారు?" అని అడిగాడు. హార్మోనియం అన్నాను. పకపకా నవ్వి, "అది మా వైపు నుంచి వచ్చిందే. మీదేమిటి?" అన్నాడు. నా చేతులు వాటంతట అవే పెట్టె మీద నాయన దరువు మొదలుపెట్టాయి. నీకు తెలుసుగా, పొద్దుగూకేవేళ ఎవరూ లేరనుకుని మంచంపట్టె మీద వేళ్లతో కొట్టుకుంటూ ఉంటాడే, అది. డండణక ణక్క, డండణక ణక్క ణ. ఎక్కడో ఒక అడుగు ఎక్కువ పడినట్టుంటుంది. ఆయన చేతిలో పని వదిలేసి నా పక్కన కూర్చున్నాడు. మళ్లీ మళ్లీ కొట్టించుకున్నాడు. తానూ కొట్టాడు. చివరికి "ఇది ఎక్కడ ముగుస్తుంది?" అన్నాడు. నాకు తెలియదు. మనం గడప దాటి వచ్చేసరికి నాయన చెయ్యి ముడిచేసేవాడు కదా, దాని కొస మనం ఎప్పుడు విన్నాం?

ఆయన ఒక మాట చెప్పాడు. వాళ్ల ముత్తాతలు బానిసలట. డ్రమ్ము మోగితే బానిసలంతా ఒక్కటవుతారని యజమానులు లాక్కున్నారట. అప్పుడు వాళ్లు చేతులు చరుచుకున్నారు, మడమలు నేలకు కొట్టారు, ఆ దరువే ఇంత దూరం వచ్చింది అన్నాడు. వింటుంటే నాకు ఏడుపొచ్చింది.

నాయనను అడుగు అక్కా. ఆ దరువు కొస ఎట్లా ఉంటుందో అడిగి రాసి పంపు. ఆయనకు పంపుతానని మాట ఇచ్చాను.

నీ దెబ్బలు మరవని తమ్ముడు,
హెబ్రోను


బోగోలు,
4-1-1959

తమ్ముడు హెబ్రోనుకు,

ఈ కొత్త సంవత్సరంలోనైనా ప్రభువు నీకు బుద్ధి ఇవ్వాలని అక్క ప్రార్థన. క్రిస్మసుకు వస్తావని నాయన చర్చి ముందు కొత్త ఇసుక పోయించి ఎదురుచూశాడు. నువ్వు రాలేదు, ఉత్తరం వచ్చింది. అందులో మా సంగతి నాలుగు ముక్కలు, డ్రమ్ములాయన సంగతి నలభై.

అమెరికావాడు నల్లగా ఉన్నాడని రాశావు. తమ్ముడూ, నేను మిషను బంగళా చుట్టూ పెరిగినదాన్ని. అమెరికా నుంచి దిగిన ప్రతి దొరనూ దొరసానినీ చూశాను. ఎండకు ఎర్రబడ్డవాళ్లున్నారు గానీ నల్లగా ఒక్కరూ లేరు. ఎవడో సిలోనువాడు కోటు తొడుక్కుని నీ చెవిలో పువ్వు పెట్టి ఉంటాడు. వాళ్ల ముత్తాతల కథ విని నువ్వు ఏడవడం కూడానా! సొంత ముత్తాతల కథ ఎప్పుడైనా అడిగావా?

అయినా నీ ఉత్తరం నాయనకు చదివి వినిపించాను. హోటలు సంగతి వింటూ తల ఊపాడు. దరువు మాట రాగానే మొహం అటు తిప్పుకుని, "దానికి కొసేందమ్మా" అని లేచి చర్చి గంట కొట్టడానికి పోయినాడు. అప్పటికింకా ప్రార్థన వేళే కాలేదు. జనం బిత్తరపోయి వచ్చి చర్చిలో కూర్చున్నారు. పాస్టరు అయ్యగారు తడిగుడ్డతోనే పరిగెత్తుకొచ్చాడు.

ఇదీ జవాబు. ఇంక అడగను. ఆయన దేవుని ఎదుట ఒట్టు పెట్టుకున్న మనిషి. నువ్వూ అడగవద్దు.

పెంచలయ్య మామ నిన్ను అడిగానని రాయమన్నాడు. నల్ల దొర సంగతి చెబితే, "అయితే నేనూ దొరనేనా పాపా" అని ఒకటే నవ్వు.

నీ అక్క,
మగ్దలీనమ్మ


మద్రాసు,
2-3-1959

అక్కకు,

నీ ఉత్తరం అందింది. అందకపోయినా బాగుండేది.

"దానికి కొసేందమ్మా" అట! మాట దాటెయ్యడం నాయనకు తెలిసినంతగా మునసబు కరణాలకు కూడా తెలియదు. కన్నకొడుకుకు చెప్పకుండా మంచంపట్టెకు చెప్పుకునే విద్య ఎందుకు? నువ్వు అడిగిన తీరు కూడా నాకు తెలుసు. బడిలో బలపం దొంగను నిలదీసినట్టు అడిగి ఉంటావు. హోటల్లో వాయించే కొడుకుకు ఇవ్వకూడదని మీరిద్దరూ అనుకున్నారు. ఆ మాటే రాస్తే సరిపోయేది.

నాకు నవ్వొచ్చేది ఒకటే. అమెరికా దొరలు వచ్చి పలక వాయించడం పాపం అన్నారు, మన పల్లె పలకలన్నీ తెచ్చి నిప్పులో వేసింది. ఇప్పుడు అదే అమెరికా నుంచి డ్రమ్ములాయన వస్తే మద్రాసు పెద్దమనుషులు టిక్కెట్లు కొనుక్కుని కోట్లు తొడుక్కుని వింటున్నారు. ఆయన వాయిస్తే సంగీతం, నాయన వాయిస్తే పాపం. ఇదెక్కడి న్యాయమో మీ అయ్యగారిని అడిగి రాయి.

హెబ్రోను


బోగోలు,
20-3-1959

హెబ్రోనుకు,

అయ్యగారిని అడగనక్కర్లేదు, నేనే చెబుతాను. నువ్వు పుట్టకముందు సంగతి కాబట్టి నీకు నోరు లేస్తోంది.

పలక అంటే నీ మద్రాసు డ్రమ్ము కాదు. చెక్కవలయానికి తోలు బిగించి, సెగన కాచి, భుజాన తగిలించుకుని కొట్టేది. ఆ పలక మన ఇంట్లో ఉన్నంతకాలం మనం మునసబు ఇంటి సొత్తు. వాళ్లింట పెళ్లయినా చావైనా కబురొస్తే అన్నం ముందు నుంచి లేచి పోవాలి. కాళ్లకు చెప్పుల్లేకుండా, పాడెకు ముందు, ఇసుకదిబ్బ వల్లకాటి దాకా.

నీకూ నాకూ మధ్య ఒక అన్న ఉండేవాడు నీకు. నాకు తమ్ముడు. మాల్యాద్రి అని పేరు. జ్వరంతో పోయినాడు. వాడి శవం ఇంట్లో ఉండగానే మునసబు తల్లి పోయిందని మనిషి వచ్చినాడు. నాయన ఆ మనిషి కాళ్లు పట్టుకున్నాడు. "మీవాడికేముందిరా, పిల్లనాయాలు, ఎవురైనా పూడుస్తారు, నువ్వు రా" అన్నాడు వచ్చినవాడు. నాయన పోయినాడు. ఆ ముసలమ్మ పాడె ముందు కొట్టుకుంటూ నడిచినాడు. తిరిగి వచ్చేసరికి మనవాణ్ణి పల్లెవాళ్లు చాపలో చుట్టి పూడ్చేసి వచ్చినారు. అప్పటికీ నాయన భుజాన పలక అట్లాగే ఉంది. నేను చూశాను.

ఆ ఏడే బాప్తిస్మం. చెంచయ్యగా ఉన్న నాయన జకరయ్య అయినాడు. పలక కాల్చమని దొర చెప్పలేదురా, దొరకు పలకంటే ఏమిటో కూడా తెలియదు. నాయనే తెచ్చి వేసినాడు. ఆయన్ను చూసి మిగతావాళ్లు వేసినారు. ఆ నిప్పులో కాలింది తోలొక్కటే కాదు, పిలిస్తే పోవాలనే బతుకు కూడా కాలింది. దానివల్లనే నేను పంతులమ్మనైనాను. నువ్వు కోటు తొడిగినావు.

ఇంక ఆ దరువు ఊసు ఎత్తకు. ఎండు నెత్తళ్ల చేపలు పంపుతున్నాను. హోటల్లో కంపు కొడుతుందని పారెయ్యకుండా తిను.

అక్క


మద్రాసు,
15-7-1962

పెద్దక్కకు, నాయనకు వందనాలు.

మూడేళ్లు ముభావంగా గడిచాయి. పండక్కి కార్డులు వేసుకున్నాం, సరే. ఈరోజు మాత్రం పాత కోపాలన్నీ మరిచిపోండి.

డ్రమ్ములాయన నన్ను మరవలేదు! వాళ్ల బ్యాండు కొత్త రికార్డు వేసింది. అట్ట మీద సంతకం చేసి హోటలు చిరునామాకు పంపాడు. అందులో రెండో వైపు మొదటిది నాయన దరువు! అచ్చంగా అదే. దాని మీద బూరలు, పియానో ఎక్కించారు, అంతే. అట్ట వెనక సన్నక్షరాల్లో "ఇండియా వీధుల్లోని ఒక తాళం ఆధారంగా" అని వేశారు. పేర్లేమీ లేవు. లేకపోతేనేం, మన మంచంపట్టె మీది దరువు అమెరికా పోయి వచ్చింది. మా హోటలుకు వచ్చే కుర్ర వాయిద్యగాళ్లందరూ అది నేర్చుకోవాలని వేళ్లు విరుచుకుంటున్నారు.

రికార్డు రైల్లో మనిషి చేతికిచ్చి పంపుతున్నాను. మిషను బంగళాలో దొరసానికి గ్రామఫోను ఉందిగా. నాయనను కూర్చోబెట్టి వినిపించు. ఆయన మొహం ఎట్లా అయిందో ఒక్క అక్షరం పోకుండా రాయి.

హెబ్రోను


బోగోలు,
9-9-1962

హెబ్రోనుకు,

ఒక్క అక్షరం పోకుండా రాయమన్నావు. రాస్తున్నాను.

నాయన చలవచొక్కా తొడిగాడు. కొడుకు పాట వినడానికి పోతున్నానని దోవలో నలుగురికి చెప్పాడు. బంగళా వరండాలో మేమిద్దరం చాప మీద, దొరసాని, అయ్యగారు కుర్చీల్లో. అట్ట మీద డ్రమ్ములాయన బొమ్మ చూశాను. నల్లవాడే. సిలోను మాట వాపసు తీసుకుంటున్నాను. దొరసానికి ఆయన పేరు తెలుసు. "మా దేశంలో చాలా పెద్దవాడు" అంది. మరి ఇన్నేళ్లూ మీ దేశంలో ఇట్లాంటివాళ్లున్నారని మాకొక్కరూ చెప్పలేదేం అని అడగాలనిపించింది.

దరువు మొదలుకాగానే నాయన చెయ్యి నేలమీదికి దిగింది. దొరసాని సంతోషంగా బూటు కాలితో తాళం వేస్తోంది. నాయన ఆ బూటునే చూస్తున్నాడు. ఏం దరువు అనుకున్నావు అది? చావు దరువు. మునసబు తల్లి పాడె ముందు కొట్టినది అదే. చివరికి పళ్లేలు పగిలినట్టు పెద్ద చప్పుడు చేసి ఆపారు. చప్పట్లు. నాయన గబుక్కున లేచి నిలబడ్డాడు. "అయ్యో, అయిపోయిందా? దోవలోనే దించేసినారే! ఎవురు దించమనినారు?" అన్నాడు. దొరసాని ఏమంటున్నాడని అడిగింది. బాగుందంటున్నాడు అని చెప్పాను.

ఆ రోజు నుంచి మనిషి మనిషిగా లేడు. "దోవలో దించేసినారు" అని అదే మాట. గంట వేళ కూడా మరిచిపోతున్నాడు. రికార్డు తిరిగి పంపుతున్నాను. ఇట్లాంటివి ఇంకెప్పుడూ పంపకు.

అక్క


మద్రాసు,
1-10-1962

అక్కకు,

చూశావా, చూశావా! "దోవలో దించేసినారు" అంటే కొస ఇది కాదనేగా. కొస ఆయనకు తెలుసు. నాలుగేళ్ల కిందట "కొసేందమ్మా" అని నన్ను మోసం చేశాడు. ఇప్పుడు నోరు జారింది.

ఆ బ్యాండు అంత పెద్దదైంది కదా, అసలు కొస దొరికితే నేనే పలికించి రికార్డు వేస్తాను. నాయనను మెల్లగా అడుగు. కోప్పడకుండా, బెల్లం పెట్టి అడుగు.

హెబ్రోను


బోగోలు,
11-2-1963

హెబ్రోనుకు,

బెల్లం పెట్టనక్కర లేకుండానే అంతా అయిపోయింది.

పెంచలయ్య మామ పోయినాడు. పల్లెలో బాప్తిస్మం తీసుకోని ముసలివాడు ఆయనొక్కడే మిగిలాడు. పోయేముందు నాయనను పిలిపించుకుని, "ఒరే చెంచయ్యా, నన్ను మూగగా తీసుకుపోవద్దురా" అన్నాడట. నలభై ఏళ్ల తర్వాత ఆ పేరుతో పిలిచిన మనిషి ఆయన. నాయన మేకతోలు తెచ్చుకుని పలక బిగించినాడు. నేను అడ్డం పడ్డాను. "ఒకణ్ణి వాళ్లు దోవలో దించేసినారు, ఈణ్ణన్నా కడదాకా తీసకపోనీ పాపా" అన్నాడు. ఇసుకదిబ్బ దాకా కొట్టుకుంటూ పోయినాడు. ఆడవాళ్లం అక్కడికి పోము కాబట్టి నేను చూడలేదు. ఇంట్లోకి మాత్రం వినిపిస్తూనే ఉంది.

ఆదివారం సంఘపెద్దలు కూర్చున్నారు. రొట్టె అందుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి నాయన రాకూడదన్నారు. గంట తాడు తీసి వేరేవాడికిచ్చారు. చేసింది తప్పని ఒక్క మాట అనమని అయ్యగారు బతిమాలాడు. నాయన అనలేదు.

అంతటితో పోలేదు. పల్లెలో పలక మోగిందని తెలిసి మునసబు కొడుకు మనిషిని పంపినాడు. "మళ్లీ కొడతా ఉండారంటనే, మా ఇంటి జాతరకు రండి" అని! ఏ బతుకు కాల్చుకున్నామో అదే గడపలోకి వచ్చి నిలబడింది. నాయన తలుపు మూసినాడు. ఇప్పుడు ఊరికీ చేదు, చర్చికీ చేదు.

బడి మేనేజరు నన్ను పిలిచి, పంతులమ్మ ఇంట్లో పలక ఉండకూడదన్నాడు. నువ్వొకసారి రా. మగదిక్కుగా పెద్దల ముందు నిలబడి రెండు మాటలు చెప్పు. నీ రికార్డు తెచ్చిన తంటా ఇది. తీర్చడం నీ వంతు.

అక్క


కలకత్తా,
6-3-1963

అక్కకు,

నీ ఉత్తరం మద్రాసు నుంచి ఇక్కడికి మళ్లి వచ్చింది. ఇక్కడి హోటల్లో పెద్ద బ్యాండు. గోడ మీద బొమ్మవేసి నా పేరు కింద ఆ అమెరికా డ్రమ్ములాయన బాణీ అని రాశారు. జనం విరగబడి వస్తున్నారు. ఈ సీజను మధ్యలో వదిలి రాలేను.

నాయన మళ్లీ పలక పట్టాడంటే నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. బల్ల లేకపోతే పోనీ, దేవుడికి చెవులున్నాయిలే. బడి మేనేజరు బెదిరింపులు ఉత్త మాటలే.

అది సరే, ఇంట్లోకి వినిపించింది అన్నావు. కొస విన్నావా? ఎట్లా ఆగింది? గుర్తుంటే రాయి.

హెబ్రోను


బోగోలు,
18-8-1964

ఉత్త మాటలు కాదు. నన్ను బడి నుంచి తీసేశారు. నాయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. రమణయ్య, అదే పెంచలయ్య మామ కొడుకు, వాళ్ల వరి కయ్యలో కలుపు తీయడానికి పిలుస్తున్నాడు, పోతున్నాను. ఈ కార్డు దారిలో పదిమంది చదువుతారని తెలుసు, చదవనీ. రా.

మగ్దలీనమ్మ


మద్రాసు,
5-1-1966

పెద్దక్కకు,

నీ కార్డు చూసి వద్దామనే అనుకున్నాను. ఆ నెలా ఈ నెలా అంటూ జరిగిపోయింది. నువ్వు కోపంలో ఉన్నదానికి రెండింతలు రాస్తావు కదా, అంత ప్రమాదం ఉండదులే అనుకున్నాను. కలకత్తా వదిలేసి మళ్లీ మద్రాసు చేరాను. కొత్త చిరునామా పైన రాశాను.

నా గతి విను. ఆ డ్రమ్ములాయన కిందటేడు కారు ప్రమాదంలో పోయాడు. ఇంగ్లీషు పత్రికలన్నీ ఆయన బ్యాండును కీర్తిస్తూ రాశాయి. లండనులో, జపానులో పిల్లలు కూడా ఆయన దరువే వాయిస్తున్నారట. ఏ దరువనుకున్నావు? మనదే. మొన్న ఒక సినిమా రికార్డింగులో నేను అది వాయిస్తే, అక్కడి కుర్రవాడొకడు "మాస్టారూ, ఆ అమెరికా రికార్డులోది బాగా కాజేశారే" అన్నాడు. అందరూ నవ్వారు. అక్కా, మన నాయన దరువు నేను వాయిస్తే నేను దొంగనైనాను! ఇది మా నాయనది అంటే, "అయితే మీ నాయన ఆ రికార్డు ఎక్కడ విన్నాడు?" అంటారు. నేను ఆయన్ను తప్పుపట్టను. ఆయన అడిగి నేర్చుకున్నాడు, గుర్తుంచుకుని పంపాడు. కానీ ఇప్పుడు సాక్ష్యం చెప్పడానికి ఆయన కూడా లేడు.

ఒక్కటే దారి ఉంది. కొస ఆ రికార్డులో లేదు. అది నేను వాయించి చూపిస్తే ఎవరి సొత్తో లోకానికి తెలుస్తుంది. నాయన ఎడమచేత్తోనైనా నీకు కొట్టి చూపించమను. ఈ ఒక్కసారి దాచొద్దని చెప్పు. ఇది నా బతుకు సంగతి.

హెబ్రోను


బోగోలు,
16-1-1966

హెబ్రోనుకు,

నువ్వు ఆ ఉత్తరం రాసిన రోజునే నాయన పోయినాడు. నాకు తెలిసిన చిరునామాకు, కలకత్తాకు, తంతి ఇచ్చాను. అక్కడ లేవని తిరిగి వచ్చింది. ఒక పగలంతా చూసి ఎత్తేశాం.

అయ్యగారు ఇంటికి వచ్చి ప్రార్థన చేశాడు. మంచివాడే, ఏడ్చినాడు కూడా. గంట మాత్రం కొట్టనివ్వలేదు పెద్దలు. చర్చి సమాధుల తోటలో చోటు లేదన్నారు. నలభై ఏళ్లు ఆ గంట కొట్టిన మనిషికి ఒక్క గంట లేదు. పాడెను రమణయ్య, వాళ్ల తమ్ముళ్లు ఎత్తుకున్నారు. ఇసుకదిబ్బకే తీసుకుపోవాలి. పలక కొట్టేవాడు పల్లెలో ఒక్కడూ లేడు. కొడుకున్నాడు, పెద్ద వాయిద్యగాడట, ఎక్కడున్నాడో తెలియదు.

నాయన చేసుకున్న పలక ఇంకా దూలానికే వేలాడుతూ ఉండింది. తీసి భుజాన వేసుకున్నాను. ఆడదానివి, నీకేందమ్మా ఇది అన్నారు. బడి పోయింది, బల్ల పోయింది, ఇంక పోయేదేముందని అన్నాను. రమణయ్యే సరుగుడాకు మంట వేసి కాచి ఇచ్చినాడు. నాకు కొట్టడం రాదు. కానీ పుట్టినప్పటి నుంచి మంచంపట్టె మీద విన్నాను కదా. పాడెకు ముందు నడిచాను.

గట్టి నేల మీద అది తడబడింది. ఇసుకలో అడుగు పెట్టగానే కుదిరింది. నువ్వూ నీ డ్రమ్ములాయనా లెక్కపెట్టుకున్న ఆ ఎక్కువ అడుగు ఏమిటో తెలుసా? ఇసుకలో కాలు కూరుకుని పైకి లాక్కునేది. మోసేవాళ్లు భుజాల మీద బరువుతో అట్లాగే నడుస్తారు. దరువు వాళ్ల కాళ్లది. చేతులది కాదు.

గుంట దగ్గర పాడె దించారు. నా చెయ్యి ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు. మోసే నడక లేదు, ఇంకేం కొట్టాలి? అదే కొస. అంతకంటే ఏమీ లేదు. శవం నేలకు దిగేదాకా కొట్టాలి, దిగితే ఆపాలి, అంతే. ఆయన మొదటి రోజే నిజం చెప్పినాడు, "దానికి కొసేందమ్మా" అని. నువ్వు మోసం అన్నావు. నేను ఒట్టు అనుకున్నాను. పాడె వెనక ఒక్కసారైనా నడిచిన పిల్లలమైతే ఇద్దరికీ అర్థమయ్యేది.

పోయే ముందు రోజు ఎడమచేత్తో మంచంపట్టె మీద కొడుతూనే ఉన్నాడు. "ఇంక చాలు నాయనా, ఆపు" అన్నాను. "మాల్యాద్రిని ఇంకా దించలేదమ్మా" అన్నాడు. ఇన్నేళ్లూ ప్రతి సాయంత్రం ఆయన మోసింది ఆ పిల్లవాణ్ణి. తను లేకుండా పూడ్చేసిన కొడుకును. అది నువ్వు పెట్టె మీద కొట్టి చూపించావు. వాళ్లు రికార్డు వేశారు. దొరసాని కాలు ఆడించింది.

మాల్యాద్రి గుంట ఎక్కడో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. అదే దిబ్బ. ఇద్దరినీ ఒకేసారి దించాననుకుని పలక అక్కడే పూడ్చి వచ్చాను. దానికోసం రావద్దు.

ఆ దరువు ఎవరిదని ఇంకెవరైనా అడిగితే ఆ అమెరికా ఆయనదేనని చెప్పు. ఆయన తన తండ్రి పాడెనైనా మోసి ఉంటాడు.

మగ్దలీనమ్మ